సేవకుడు అతిథి: గనులను ప్రతిఘటించే పండుగలలో స్వచ్ఛంద సేవ

జగదేవ్‌పూర్ ప్రాంతంలో పుట్టి పెరిగిన వారికి జాతర అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. కొమురవెల్లి మల్లన్నను దర్శించుకొన్న భక్తులు తీగుల్ నర్సాపూర్‌లోని కొండపోచమ్మ సన్నిధికి వచ్చి బోనాలు వండుకొంటారు. మొహర్రం దినాలలో పీర్ల ఊరేగింపు సాగే దారిలో సబీల్ వెలుస్తుంది. అక్కడ షర్బత్ గ్లాసు అందించే చేయి, అందుకొనే చేయి ఏ మతానికి చెందినవో ఎవరూ విచారించరు. వేసవిలో చలివేంద్రం కూడా అటువంటిదే. కావున సేవ అన్నది మన విద్యార్థులకు పుస్తకం చదివి తెలిసికొనవలసిన విషయం కాదు. అది మన వీధిలోనే ఉన్నది.

అయితే కాలక్రమంలో మరొక విధమైన జాతర పుట్టింది. ఒక కొండనో, ఒక అడవినో గని కొరకు తవ్వబోతున్నారని తెలిసినప్పుడు, అక్కడి ప్రజలు ఆ చోటనే పండుగ జరుపుతారు. పాటలు, సభలు, వంటలు, నడకలు అన్నీ ఉంటాయి. దూరప్రాంతాల నుండి యువకులు వచ్చి అక్కడ సేవ చేస్తారు. ఈ పండుగలు ఎందుకు పుట్టాయి? వాటిలో సేవకుని ధర్మం ఏమిటి? మనవంటి కళాశాల విద్యార్థులు అటువంటి చోటికి వెళ్ళవచ్చునా? వెళ్ళినచో ఏమి చేయాలి, ఏమి చేయరాదు? ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ముందుగా మా అనుభవం ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. ఒక ఏడు మేము కొందరం కలిసి జాతర దారిలో మంచినీళ్ళ పందిరి వేశాము. ఎండ తీవ్రంగా ఉన్నది. నీటి పొట్లాలను బస్తాల కొద్దీ తెప్పించి, రెండు రోజులు నిలువుకాళ్ళ మీద పంచాము. మా సేవను మేమే మెచ్చుకొన్నాము. మూడవనాటి ఉదయం పందిరి విప్పుతూ ఉండగా ఒక ముసలి మేకల కాపరి వచ్చి, దారి పక్కనున్న కుంట వైపు చేయి చూపాడు. గట్టు పొడుగునా ఖాళీ పొట్లాలు పరచుకొని ఉన్నాయి. "నీళ్ళు పోసిండ్రు బిడ్డా, మంచిగనే ఉన్నది. గీ కవర్లు మేక తిని సస్తే ఆ పాపం ఎవరిది?" అని అడిగాడు. మా వద్ద సమాధానం లేదు. ఆ రోజంతా ఏరినా సగం కూడా ఏరలేకపోయాము. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినదంతా ఆ ప్రశ్న నుండి పుట్టినదే.

1. ఒక పదం, దాని చరిత్ర

స్వచ్ఛందంగా సేవ చేసే వానిని ఇంగ్లీషు వాడుకలో వాలంటీరు అంటున్నాము. తెలుగులో స్వచ్ఛంద సేవకుడు, కార్యకర్త అనే మాటలున్నాయి. ఉర్దూలో ఖిద్మత్ అనగా సేవ. ఖిద్మత్‌గార్ అనగా సేవకుడు. ఉర్దూలోనే మరొక మాట కూడా ఉన్నది: రజాకార్. నిఘంటువు ప్రకారం దాని అర్థం స్వచ్ఛంద సేవకుడనే. కాని తెలంగాణలో ఆ మాట వినగానే పెద్దల ముఖాలు మారిపోతాయి. 1947, 1948 సంవత్సరాలలో హైదరాబాద్ సంస్థానంలో ఖాసిం రజ్వీ నాయకత్వాన ఆయుధాలు పట్టిన దళాలు ఆ పేరును ధరించి, పల్లె ప్రజలపై దౌర్జన్యాలు జరిపాయి. ఒక మంచి మాట ఆ విధంగా చెడిపోయింది. ఆ రోజులలోనే 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఆ దౌర్జన్యాన్ని తన కలంతో ఎదిరించాడు. 1948 ఆగస్టులో ఆయన హత్యకు గురయ్యాడు.

ఈ చరిత్రను ఇక్కడ జ్ఞాపకం చేయడానికి కారణమున్నది. స్వచ్ఛందంగా ముందుకు రావడం దానంతటదే గొప్ప గుణం కాదు. ఉత్సాహం ఎవరికైనా ఉండవచ్చును. ఆ ఉత్సాహం ఎవరి పక్షాన నిలిచింది, ఎవరి మాట విన్నది, ఎవరి ఎదుట తలవంచింది అన్నదే ఆ పదానికి అర్థాన్ని ఇస్తుంది. అధికారం అండతో బలహీనుని మీదికి వెళ్ళినవాడు పదాన్ని చెరిపాడు. ఒంటరిగా కలం పట్టుకొని బలహీనుని పక్షాన నిలిచినవాడు పదాన్ని నిలిపాడు. సేవకు బయలుదేరే ప్రతి విద్యార్థి ఈ రెండింటి మధ్య నున్న భేదాన్ని ముందుగా గ్రహించవలెను.

2. పండుగ ఎందుకు? నియమగిరి చెప్పే సమాధానం

గని వద్దని చెప్పదలచినవారు అర్జీ పెట్టవచ్చును, ధర్నా చేయవచ్చును, న్యాయస్థానానికి వెళ్ళవచ్చును. మరి పండుగ ఎందుకు?

మన తెలుగు ప్రాంతాలకు పొరుగున ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాలలో నియమగిరి కొండలున్నాయి. అక్కడ నివసించే డోంగ్రియా కోందులకు ఆ కొండ నియమరాజు అనే దేవుని నిలయం. ఆ కొండ నెత్తిన బాక్సైటు ఉన్నది. ఆ ఖనిజం నుండే అల్యూమినియం తయారవుతుంది. కొండ కిందనే లాంజిగఢ్ వద్ద వేదాంత సంస్థ వారి శుద్ధి కర్మాగారం వెలిసింది. దానికి కొండ మీది ఖనిజం కావాలన్నారు. కాని బాక్సైటు పొర వాన నీటిని పీల్చుకొని, కొద్దికొద్దిగా వాగులకు వదిలిపెడుతుంది. పొర తొలగితే వాగు ఎండుతుందని కోందుల భయం.

వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2013 ఏప్రిల్ 18వ తేదీన న్యాయస్థానం, ఈ విషయాన్ని అక్కడి గ్రామసభలు పరిశీలించి నిర్ణయించవలెనని తీర్పు చెప్పింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ తీర్పుకు ముఖ్యమైన ఆధారం. ఆ ఏడు జులై, ఆగస్టు నెలలలో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ గనిని తిరస్కరించాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ కూడా అనుమతి నిరాకరించింది.

ఆ కొండ మీద ఏటా ఫిబ్రవరి ప్రాంతంలో నియమరాజు పండుగ జరుగుతుంది. ఊళ్ళ వారందరూ కొండ ఎక్కి పూజ చేస్తారు, నాట్యం చేస్తారు, తమ మంచిచెడ్డలు మాట్లాడుకొంటారు. బయటివారు కూడా వెళ్తారు. ఇది దేవుని పండుగ, ప్రజల సభ కూడా. అర్జీలో ఒక గ్రామం పేరు ఒక గీత మీద ఇమిడిపోతుంది. పండుగలో ఆ గ్రామం ముసలివారితో, పసిపిల్లలతో, డప్పులతో సహా కళ్ళ ఎదుట నిలబడుతుంది. 'ఇక్కడ ఎవరూ లేరు, ఇది ఖాళీ కొండ' అని ఎవరైనా అనదలచినచో, పండుగ దానికి సమాధానం. పండుగకు ప్రయోజనం వినోదం మాత్రమే కాదని దీనివలన తెలుస్తున్నది.

3. గడ్డి కోతల పేరిట ఒక ఉత్సవం

ఇదే ఆలోచన ప్రపంచంలో మరొక మూలన మరొక రూపం ధరించింది. రుమేనియా దేశంలో ట్రాన్సిల్వేనియా కొండల నడుమ రోషియా మోంటానా అనే గ్రామమున్నది. రోమన్ చక్రవర్తుల కాలంలోనే అక్కడ బంగారం తవ్వారు. ఆనాటి సొరంగాలు నేటికీ ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్ది చివరి సంవత్సరాలలో ఒక విదేశీ సంస్థ భాగస్వామ్యంతో అక్కడ యూరప్‌లోనే పెద్ద బహిరంగ బంగారు గనిని తెరిచే పథకం సిద్ధమైంది. టన్ను రాతిలో ఉన్న బంగారం రెండు గ్రాముల లోపే. ఆ కొద్దిపాటి లోహం కొరకు కొండలను పిండి చేసి, సైనైడు ద్రావణంతో కడగవలెను. మిగిలిన బురదను పక్క లోయలో ఆనకట్ట వెనుక నిలువచేయవలెను. సైనైడు భయం ఊహాజనితం కాదు. అదే దేశంలో బయా మారే వద్ద 2000 జనవరి 30న ఒక బంగారు శుద్ధి కర్మాగారపు కట్ట తెగి, సుమారు లక్ష ఘనపు మీటర్ల విషజలం నదులలో కలిసింది. అది పొరుగున ఉన్న హంగరీ వరకు ప్రవహించి చేపలను చంపింది.

2000 సంవత్సరంలో గ్రామస్థులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. 2004లో 'ఫిన్‌ఫెస్ట్' అనే ఉత్సవం ఆరంభమైంది. ఫిన్ అనగా ఎండుగడ్డి. ఆ కొండ గ్రామాల వారికి వేసవిలో గడ్డి కోసి కుప్ప వేయడమే జీవనాధారం. బంగారం పేరు చెప్పి వచ్చిన వారి ఎదుట గడ్డి పేరున పండుగ చేశారన్నమాట. దానికి నగరాల నుండి విద్యార్థులు వేల సంఖ్యలో వచ్చారు. సంగీతం, చిత్ర ప్రదర్శనలు, చర్చలు, పాత సొరంగాల దర్శనం మొదలైన కార్యక్రమాలన్నింటి భారాన్ని సేవకులు మోశారు.

అయితే ఆ గ్రామంలో అందరూ ఒకే మాట మీద లేరు. అక్కడి ప్రభుత్వ గని 2006లో మూతపడింది. పని పోయిన కుటుంబాలు కొత్త గని వస్తే ఉద్యోగాలు వస్తాయని ఆశపడ్డాయి. ఒకే వీధిలో ఒక ఇంటివారు ఔనంటే ఎదుటి ఇంటివారు కాదన్నారు. పండుగకు వచ్చిన విద్యార్థి మూడు రోజులుండి వెళ్ళిపోతాడు. ఆ రెండు ఇళ్ళ వారు ఏడాది పొడుగునా ఒకరి ముఖం ఒకరు చూసుకోవలెను. ఈ సంగతి సేవకులు మరువరానిది.

2013 సెప్టెంబరులో గనికి అనుకూలమైన చట్టం రాబోతున్నదని తెలిసి రుమేనియా నగరాలలో వారాల తరబడి ప్రదర్శనలు జరిగాయి. ఆ బిల్లును పార్లమెంటు తిరస్కరించింది. 2021 జులైలో యునెస్కో ఆ గని ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. నష్టపరిహారంగా నాలుగు వందల కోట్ల డాలర్లకు పైగా కోరుతూ ఆ సంస్థ వేసిన అంతర్జాతీయ వ్యాజ్యం 2024 మార్చిలో రుమేనియాకు అనుకూలంగా ముగిసింది. తొలి ఉత్సవం నుండి అప్పటికి 20 ఏళ్ళు. పండుగ ఒక్కటే గనిని ఆపిందనడం అతిశయోక్తి. న్యాయవాదులు, పురాతత్త్వ శాస్త్రజ్ఞులు, గ్రామస్థులు కలిసి ఆపారు. పండుగ వారిని కలిపి ఉంచింది.

4. నల్లమల: మన ఇంటి కథ

ఇంత దూరం పోనక్కరలేదు. 2019లో మన తెలంగాణలోనే నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలలో విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం వార్తలకెక్కింది. దాని వైశాల్యం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో సుమారు 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు అణు ఇంధన శాఖ అనుమతి కోరింది. దాదాపు 4,000 బోరు రంధ్రాలు వేయవలెనని ప్రతిపాదన. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం దీనికి సూత్రప్రాయంగా సమ్మతించింది.

ఆ వార్త పొక్కగానే ఆ అడవిలోని చెంచుపెంటలు, పరిసర గ్రామాలు ఆందోళన చెందాయి. బందులు, రాస్తారోకోలు జరిగాయి. నగరంలో విద్యార్థులు, రచయితలు, సినిమా నటులు గొంతు కలిపారు. 2019 సెప్టెంబరు 16న రాష్ట్ర శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇక్కడ విద్యార్థి గమనింపవలసిన సూక్ష్మమొకటున్నది. ఆనాడు అనేకులు 'గనికి అనుమతి వచ్చేసింది' అని చెప్పుకొన్నారు. అది నిజం కాదు. వచ్చినది అన్వేషణకు సూత్రప్రాయమైన సమ్మతి మాత్రమే. అట్లని ప్రజల భయం నిరాధారమా అంటే, అదీ కాదు. నాలుగు వేల రంధ్రాలు వేయడానికి అడవిలో దారులు వేయాలి, యంత్రాలు తేవాలి. దొరికిన ఖనిజాన్ని విడిచిపెట్టడానికి ఎవరూ వెతకరు. రెండు నిజాలనూ కలిపి చెప్పగలవాడే మంచి సేవకుడు. సగం నిజం చెప్పి చప్పట్లు కొట్టించుకొన్నవాడు ఎదుటి పక్షానికి ఆయుధం అందించినవాడవుతాడు.

యురేనియం గని అనగా ఏమిటో కూడా తెలియవలెను. కడప జిల్లా తుమ్మలపల్లె వద్ద ఇటువంటి గని, శుద్ధి కర్మాగారం ఏర్పడ్డాయి. అక్కడి ఖనిజంలో టన్ను రాతికి లభించే యురేనియం అర కిలో కంటే తక్కువ. మిగిలిన రాయి దాదాపు అంతా రసాయనాలు కలిసిన బురదగా చెరువులో చేరుతుంది. యురేనియం తీసివేసినా దానితోపాటు పుట్టే రేడియం మొదలైన రేడియో ధార్మిక పదార్థాలు ఆ బురదలోనే ఉండిపోతాయి. తమ బోరుబావుల నీరు చెడిందని, పంటలు దెబ్బతిన్నాయని అక్కడి రైతులు ఫిర్యాదు చేశారు. నల్లమల కృష్ణానదికి పొరుగున ఉన్నది. హైదరాబాద్ నగరం తాగే నీటిలో పెద్ద భాగం ఆ కృష్ణ నుండే వస్తుంది. జగదేవ్‌పూర్ నుండి చదువుకో, కూలికో నగరానికి వెళ్ళిన ప్రతి కుటుంబం ఆ నీరు తాగుతున్నది. నల్లమల మనకు దూరం కాదు.

ఇల్లు విడవడం అంటే ఏమిటో కూడా మన ప్రాంతం ఎరుగును. మర్కూక్ వద్ద కొండపోచమ్మ సాగర్ జలాశయం 2020 మే 29న ప్రారంభమైంది. గోదావరి నీరు మన మెట్ట భూముల దాకా ఎక్కింది. అది సంతోషించదగిన సంగతి. దాని కొరకు బైలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి గ్రామాల వారు తమ ఊళ్ళను విడిచి వెళ్ళారు. మేలు జరిగినప్పుడు కూడా ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు. ఆ చెల్లించేవారిని ముందుగా అడగాలన్నదే నియమగిరి తీర్పు సారాంశం.

5. సేవకుని కర్తవ్యాలు

ఇంతవరకు చెప్పిన ఉదాహరణల నుండి గని స్వభావాన్ని ఒక్క మాటలో చెప్పవచ్చును. బయటివాడు వస్తాడు, తనకు కావలసినది తీసుకొంటాడు, చెత్తను వదిలి వెళ్ళిపోతాడు. పండుగకు వెళ్ళిన సేవకుడు కూడా అదే పని చేయవచ్చును. ఫోటోలు, పాటలు, పేరు తీసుకొని, నీటి పొట్లాలు, కలహాలు వదిలి రావచ్చును. అటువంటి సేవ చిన్న గని. ఆనాటి మేకల కాపరి మమ్ములను అడిగినది ఇదే. కావున సేవకుడు అతిథి అని మా అభిప్రాయం. అతిథి ధర్మాలను ఐదుగా చెప్పవచ్చును.

మొదటిది, నీరు. కొండ గ్రామంలో నలభై ఇళ్ళకు సరిపోయే బావి నాలుగు వేల మందికి చాలదు. సేవకులు ముందుగా వెళ్ళి, ఎంత నీరు ఉన్నదో, ఎంత బయటి నుండి తేవలెనో గ్రామస్థులనే అడిగి నిర్ణయించుకోవలెను. ఊరివారు బిందెలు నింపుకొనే వేళలో అతిథి బావి వద్దకు పోరాదు.

రెండవది, పారిశుద్ధ్యం. మరుగుదొడ్డి గుంతలు బావికి, వాగుకు దూరంగా, పల్లపు వైపున ఉండవలెను. చెత్తను తడి, పొడిగా వేరు చేయవలెను. పొడి చెత్తను వచ్చిన బండిలోనే వెనుకకు తీసుకొనిపోవలెను. నీటిని వాగు నుండి కాపాడండని ఉపన్యసించి, ఆ వాగులోనే సబ్బుతో స్నానం చేసినవాడి మాట ఎవరు నమ్ముతారు?

మూడవది, అక్షర సేవ. ఇది మనవంటి కళాశాల విద్యార్థులకు ప్రత్యేకంగా తగిన పని. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశాన్ని ఇంగ్లీషుతోపాటు స్థానిక భాషలో కూడా ప్రజలకు అందుబాటులో ఉంచవలెను. ప్రజాభిప్రాయ సేకరణ సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వవలెను. సభ ముగింపులో నమోదైన అభిప్రాయాలను స్థానిక భాషలో చదివి వినిపించవలెను. ఈ హక్కులున్నట్లు తెలియనివారు అనేకులు. ఉర్దూ, తెలుగు రెండూ చదువగల విద్యార్థి ఒక బల్ల వేసుకొని కూర్చొని, ఆ సారాంశాన్ని అడిగినవారికి అడిగిన భాషలో చదివి చెప్పినచో, అది పది ఉపన్యాసాల కంటె మేలు. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల, కీలక ఖనిజాల గనులకు ఈ ప్రజాభిప్రాయ సేకరణ నుండి మినహాయింపు ఇస్తూ ఉత్తర్వు వెలువరించింది. ఆ సభయే లేని చోట ప్రజలు తమ మాట చెప్పుకొనే వేదికగా పండుగకు, గ్రామసభకు ప్రాధాన్యం మరింత పెరుగుతుంది.

కాగితం చదవడం వలన ఏమి సాధ్యమో విశాఖ మన్యంలో రుజువైంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గిరిజనుల భూములను గనులకు కౌలుకిచ్చిన వ్యవహారంలో 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానానికి వెళ్ళింది. షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గని కౌలుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997 జులై 11న తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారం అప్పటికి దశాబ్దాల నాటి భూబదలాయింపు నిబంధన. పుస్తకంలో నిద్రిస్తున్న ఒక వాక్యాన్ని మేల్కొలిపినవారు సేవకులే.

నాలుగవది, వినడం. వేదిక మీద మొదట మాట్లాడవలసినవారు ఆ ఊరివారు. నగరం నుండి వచ్చిన వక్త ఎంతటివాడైనా తరువాతనే. చెంచు వృద్ధుడు తేనె పట్టును గూర్చి, గడ్డ తవ్వే కాలాన్ని గూర్చి చెప్పే మాటలను అనుమతి తీసుకొని యథాతథంగా వ్రాసికొనవలెను. వ్రాసిన దానిని ఆయనకే చదివి వినిపించి, ఆయన ఔనన్న తరువాతనే పదిమందికి చూపవలెను.

ఐదవది, శాంతి. గని కావాలనే వారు కూడా ఆ ఊరిలో ఉంటారు. వారు శత్రువులు కారు, పని కోరుతున్నవారు. దేశానికి విద్యుత్తు కావలెను, లోహాలు కావలెను. ఈ వ్యాసం అచ్చయిన యంత్రంలోనూ, మేము నీళ్ళు తాగిన గ్లాసులోనూ ఏదో ఒక గని ఉన్నది. ఈ వాదాన్ని హేళన చేయక, 'ఏ చోట తవ్వవచ్చును, ఏ చోట తవ్వరాదు, ఎవరిని అడిగి తవ్వవలెను' అనే ప్రశ్నగా మార్చగలిగినచో వాగ్వివాదం చర్చ అవుతుంది. తోపులాట జరిగిన చోట అతిథి బస్సెక్కి వెళ్ళిపోతాడు. కేసులను ఎదుర్కొనేది ఊరివారే.

6. పాలకవర్గం పెద్దలకు మనవి

విద్యార్థులు ఇటువంటి చోటికి వెళ్తామన్నప్పుడు కళాశాల పెద్దలకు జంకు కలగడం సహజం. పరీక్షలు చెడుతాయేమో, పేర్లు పోలీసుల పుస్తకంలోకి ఎక్కుతాయేమో అని తల్లిదండ్రులు భయపడతారు. అల్పసంఖ్యాక వర్గాల కళాశాలలో ఈ భయం ఒక పాలు ఎక్కువ. దానిని మేము తేలికగా తీసివేయడం లేదు. ఒక ఇంటిలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కిన బిడ్డ భవిష్యత్తు చిన్న విషయం కాదు.

కాని భయానికి మందు నిషేధం కాదు, క్రమశిక్షణ. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడడం పౌరుని ప్రాథమిక విధిగా పేర్కొన్నది. 1969 సెప్టెంబరు 24న ఆరంభమైన జాతీయ సేవా పథకం 'నేను కాదు, నీవు' అన్న భావాన్ని తన ఆదర్శంగా స్వీకరించింది. అందులో చేరిన విద్యార్థి రెండేళ్ళలో 240 గంటల సేవ చేయవలెను. వాటిలో కొన్ని గంటలు ఈ శిక్షణకు కేటాయించవలెనని మా మనవి. మొదటి ఏడు ఏ ఉద్యమానికీ పోనక్కరలేదు. మన జాతరలో, మన సబీల్‌లో, మన ఉర్సులో నీటి ఏర్పాటు, చెత్త నిర్వహణ, ప్రథమ చికిత్స నేర్చుకొంటే చాలును. రెండవ ఏట ఒక పర్యావరణ నివేదికను తరగతిలో కలిసి చదివి, ఉర్దూలో, తెలుగులో దాని సారాంశాన్ని గోడపత్రికలో పెట్టవలెను. ఆ తరువాత తల్లిదండ్రుల లిఖిత అంగీకారంతో, ఒక అధ్యాపకుని వెంట, అనుమతి పొందిన శాంతియుతమైన సభకు మాత్రమే, నినాదాలకు కాక సేవకు వెళ్ళవచ్చును. తిరిగి వచ్చిన వారు తాము చూసినది, తాము చేసిన తప్పులతో సహా, వ్రాసి ఇవ్వవలెను.

7. ముగింపు

మరుసటి ఏడు మేము మళ్ళీ పందిరి వేశాము. ఈసారి పొట్లాలు తెప్పించలేదు. కుమ్మరి వాడలో పన్నెండు కుండలు కొని ఇసుక మీద వరుసగా కుదురు పెట్టాము. నాలుగు ఇళ్ళ నుండి స్టీలు గ్లాసులు అడిగి తెచ్చాము. గ్లాసులు కడగడానికే నలుగురు కావలసి వచ్చింది. పంచినది పోయిన ఏటి కంటె తక్కువ. పొగిడినవారూ తక్కువే. జాతర ముగిసిన మరునాడు కుంట గట్టు మీద మేకలు ఎప్పటివలెనే మేస్తున్నాయి. ఆ ముసలాయన వచ్చి, గ్లాసెడు నీళ్ళు అడిగి తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి వెళ్ళాడు.

నల్లమలకు గాని, మరొక కొండకు గాని సేవకు వెళ్ళే విద్యార్థి అంతకంటె పెద్ద ప్రశంసాపత్రాన్ని ఆశించనక్కరలేదు.

ఆలోచనకు ప్రశ్నలు

1. అర్జీకి, పండుగకు మధ్య గల భేదాన్ని నియమగిరి ఉదాహరణతో వివరించండి.
2. అన్వేషణ అనుమతికి, గని అనుమతికి గల తేడాను తెలుపండి. ఆ తేడా తెలియకపోవడం వలన ప్రజలకు కలిగే నష్టమేమి?
3. మీ ఊరి జాతరలోనో ఉర్సులోనో రోజుకు ఎన్ని కుండల నీరు అవసరమో పెద్దలను అడిగి లెక్క వేయండి. మిగిలే చెత్త ఎక్కడికి పోతున్నదో స్వయంగా చూసి వ్రాయండి.
4. గని వలన ఉద్యోగం ఆశించే యువకునితో మీరు ఏమి మాట్లాడతారు? అతడు మీతో ఏమంటాడు? ఇద్దరి మాటలను సమానమైన గౌరవంతో వ్రాయండి.